ఇన్‌టాంజిబుల్‌కి నేను చెప్పిన తెలుగు

ఇంగ్లీషు టీచరుగా ఇన్నేళ్ళలో ఎన్ని మాటలకు అర్థాలు చెప్పానో నాకే తెలియదు. తప్పు చెప్పినవీ ఉంటాయి. పిల్లలు మరిచిపోయి ఉంటారు, నేనూ మరిచిపోయాను. ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు. అది ఇన్‌టాంజిబుల్. ఒక మధ్యాహ్నం పూట, ముప్పై నలభై మంది వింటూండగా, దానికి నేనొక తెలుగు మాట చెప్పాను. ఆ మాట వల్ల ఏం జరిగిందో రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను.

ఆ ఇంగ్లీషు మాట నాకు మొదట తెలిసింది విజయనగరంలో, డిగ్రీ చదివే రోజుల్లో. మా అన్నయ్యది కామర్స్. వీధి గదిలో అటూ ఇటూ తిరుగుతూ పాఠం పైకి చదివేవాడు. దుకాణంలో బల్లలు, బీరువాలు, సరుకు టాంజిబుల్ ఆస్తులు. దుకాణానికి ఊళ్ళో ఉన్న మంచి పేరు ఇన్‌టాంజిబుల్ ఆస్తి. మంచి పేరు కూడా ఆస్తేనా అని నేను అడిగితే, ‘అమ్మితే కొంటారు కాబట్టి ఆస్తే’ అన్నాడు. నాకు ఆ మాట తెగ నచ్చేసింది. మా కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మాస్టారిని అడిగాను. లాటిన్‌లో తాకడం అనే మాటలోంచి వచ్చింది, టాంజిబుల్ అంటే తాకి చూడగలిగింది, ముందు ‘ఇన్’ చేరిస్తే తాకి చూడలేనిది అని ఆయన చెప్పారు. అక్కడితో ఆగలేదు. ‘అలాగని గాలికో పొగకో ఈ మాట వాడితే తప్పులే. ఒక మనిషి ఇంట్లో ఉంటే కలిగే ధైర్యం ఉంది చూడు, దానికి వాడు. ఒక పనివాడి నేర్పుకి వాడు. ఉందని అందరికీ తెలుస్తుంది, ఇదిగో ఇదీ అని తీసి చూపించలేం. అలాంటి వాటికి వాడాలి’ అన్నారు.

నాకు ఉద్యోగం వచ్చాక ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతికి ఆ మాట చెప్పేదాన్ని, పాఠంలో ఉన్నా లేకపోయినా. మాస్టారి ఉదాహరణలే చెప్పేదాన్ని. బాగా చెప్తానని పేరుండేది.

పొందూరుకి నాలుగైదు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకి నన్ను వేశారు. ఊరికి ఒక చివర బడి. బడి గోడ దాటితే ఒక పేట. గోడకు ఆనుకున్న మొదటి ఇల్లు అప్పది. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకేమీ కాదు, నాకంటె పదిహేనేళ్ళు పెద్ద అంతే. మొదటిరోజు ‘ఏటమ్మా, ఏ ఊరు మీది?’ అని గోడ మీంచి పలకరించింది. ‘విజయనగరం అప్పా’ అన్నాను. అప్పటినుంచి నాకు అప్ప అయింది. నేను ఆవిడకి పంతులమ్మని.

అప్ప నూలు వడికేది. మొగుడు పోయి చాలాకాలమైంది. ఒక్కతే కూతురు, దాన్ని సముద్రం వైపున్న నౌపడ ఊరికిచ్చి పెళ్ళి చేసింది. పొద్దున్న ఇంటిపని అయ్యాక అరుగు మీద కూర్చుంటే మళ్ళీ సాయంత్రం దాకా పత్తితోనే. మధ్యాహ్నం నాకు ఖాళీ పీరియడ్ ఉండేది. గోడకున్న చిన్న సందులోంచి వెళ్ళి అప్ప అరుగు మీద కూర్చునేదాన్ని. నన్ను చూడగానే పీట నా వైపు జరిపేది. నా మంచినీళ్ళ సీసా నేను తీసుకెళ్ళేదాన్ని. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఒక్కసారి కూడా నీళ్ళు తాగలేదు. సీసా అలవాటు వల్లే అని అప్పట్లో అనుకునేదాన్ని. అదొక్కటే కారణమని ఇప్పుడు గట్టిగా అనలేను.

అప్ప పని చూడటం నాకు ఇష్టం. గింజతో ఉన్న పత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వేది. అర చెయ్యంత ఎముక, దానికి సూదుల్లాంటి సన్నటి పళ్ళు. పత్తిని ఎడం చేతి వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ దవడతో మెల్లగా లాగుతుంటే, పీచు అంతా ఒక వైపుకి తిరిగి, మంచు ముద్దలా తెల్లగా తేలేది. తర్వాత గింజ తీసి, ఏకి, వత్తుల్లా ఏకులు చుట్టి ఎండిన అరటి దొప్పలో దాచేది. తర్వాత రాట్నం. అప్ప తీసిన పోగు ఎండలోకి ఎత్తి చూస్తే తప్ప కంటికి ఆనదు. పొందూరు నేతగాళ్ళు సన్న చీర మొదలుపెడితే నూలు కోసం ముందు అప్పనే అడిగేవారు.

ఒకరోజు అడిగాను. ‘పత్తి దువ్వడం ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తుందప్పా? అన్నీ ఒక్కలాగే కనిపిస్తున్నాయి నాకు.’

‘సూస్తే తెలవదు పంతులమ్మా. కళ్ళు మోసం సేస్తాయి. సేతికి తెలుస్తాది.’

‘చేతికి ఏం తెలుస్తుంది?’

అప్ప దువ్వడం ఆపింది. ‘ఏటని సెప్పీది? ఒక్కసారి లాగీసరికి సాలు అన్నట్టుంటాది. అంతే. మాయమ్మ సెప్పనేదు నాకు. నా సెయ్యి ఒట్టుకుని ఆడించినాది.’

నా చేతికి ఎముక ఇచ్చింది. నేను దువ్విన పత్తి తెగి ముక్కలైపోయింది. ‘నీ సెయ్యి తొందరపడతన్నాది’ అని, నా మణికట్టు పట్టుకుని నాలుగుసార్లు ఆడించింది. నాలుగో సారికి ఏదో తేడా తెలిసినట్టే ఉంది. వదిలేయగానే పోయింది. ఆ సాయంత్రం క్లాసులో ఇన్‌టాంజిబుల్ అనే మాటకి కొత్త ఉదాహరణ దొరికిందని సంతోషించాను. అప్ప పేరు చెప్పకుండా పిల్లలకి చెప్పాను కూడా.

మూడో ఏడు చలికాలంలో ఢిల్లీ నుంచి ఒకావిడ వచ్చింది, కెమెరా మనిషిని వెంటబెట్టుకుని. చేతివిద్యల మీద పనిచేసే ఒక ట్రస్టు తరపున వచ్చింది. ఊళ్ళో నూలు తీసుకునే షెడ్డు ఒకటుంది. దాన్ని చూసుకునే మేనేజరు మా బడికి వచ్చి, ఆవిడకి తెలుగు రాదు, మూడు రోజులు మేడమ్‌ని పంపించండి అని హెడ్మాస్టరుని అడిగాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నా ఇంగ్లీషు పిల్లల మార్కులకి తప్ప ఇంకెందుకైనా పనికొచ్చే రోజు వచ్చిందనిపించింది.

ఆవిడ మంచిదే. ఓపికగా ప్రతి ఇంటికీ తిరిగింది. అప్ప ఇంట్లో నూలు చిలప ఒకటి విప్పి, పోగుని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ రోజే నిశ్చయమైపోయింది. ఫిల్మ్ అప్ప మీద తీస్తారు. తర్వాత ఏడాది పాటు ఆరుగురు ఆడపిల్లలకి అప్ప చేత నేర్పిస్తారు. ఆఖర్న ఢిల్లీలో పెట్టే ప్రదర్శనలో అప్ప కూర్చుని వడుకుతుంది. నేనిదంతా అప్పకి చెప్తే నవ్వింది. ‘ఢిల్లీ నాకెందుకు గాని, ఆ ఆరుగురు గుంటలకి నేర్పీది బాగుంటాది. మాయమ్మ పోయినాక ఈ సెయ్యి నాతోనే ఆగిపోతాదేమో అనుకుంతన్నాను’ అంది. ఆరుగురిలో ఎవరెవరిని తీసుకోవాలో ఆ సాయంత్రమే వేళ్ళ మీద లెక్కపెట్టింది.

మూడో రోజు షెడ్డులో సమావేశం పెట్టారు. అప్ప సంతకం పెట్టాల్సిన ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉంది. దాన్ని అందరి ముందూ తెలుగులో చదివి వినిపించి, అర్థమైందని ఆవిడ నోటితో చెప్పాక సంతకం తీసుకోవాలని నియమం. పత్రంలో రెండో వాక్యమే ఇది: ఈమె తరతరాలుగా వస్తున్న ఇన్‌టాంజిబుల్ వారసత్వానికి వారసురాలు. ముందురోజు కూర్చుని తెలుగు చేశాను. ఇన్‌టాంజిబుల్ దగ్గర ‘అమూర్త’ అని రాశాను. పత్రికల్లో అలాగే రాస్తారు.

షెడ్డు నిండా జనం. పేట ఆడవాళ్ళు ఒక వైపు కింద కూర్చున్నారు. పొందూరు నుంచి వచ్చిన నేతగాళ్ళు, ఊరి పెద్దలు కొందరు గోడ వారగా కుర్చీల్లో, గుమ్మం దగ్గర నిలబడి ఇంకొందరు. అప్ప నీలం చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, చేతిలో మేనేజరు ఇచ్చిన పెన్ను. నేను చదవడం మొదలుపెట్టాను. ‘అమూర్త వారసత్వం’ అనగానే ముఖాలన్నీ ఖాళీగా అయిపోయాయి. ఎవరికీ అర్థం కాలేదు. మాట అర్థం కాని ముఖాలు చూస్తే ఆగలేకపోవడం టీచర్ల జబ్బు. కాగితం పక్కన పెట్టి, క్లాసులో చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

‘అమూర్తం అంటే ఏం లేదు. ముట్టుకోడానికి వీలు కాదన్నమాట. ముట్టరానిది. ఈ పేట ఆడవాళ్ళు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న ముట్టరాని విద్య ఇది. అందులో మన అప్ప అందరికంటె...’

ముట్టలేనిది అనాల్సింది. అసలు ముట్టుకోవడం అనే మాట దగ్గరికే పోకూడదు. ఒక్క అక్షరం తేడా అని అప్పట్లో అనుకున్నాను. ఆ పేట ఎవరిదో, ఊరికి ఆ చివరన ఎందుకుందో మూడేళ్ళుగా నాకు తెలుసు. తెలిసినా ఆ మాట నా నోట్లోంచి వచ్చేటప్పుడు ఏదీ అడ్డు పడలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకాయన తాపీగా అన్నాడు. ‘అయితే ముట్టరానోల్లకి ఢిల్లీ నుంచి కాయితం కూడా వచ్చీసినాదన్నమాట.’

కుర్చీల వైపు నుంచి నవ్వు లేచింది. నేనూ నవ్వాను. కంగారుతో వచ్చిన నవ్వు. నా తప్పు నాకే తెలిసి, అందరి మధ్యా దాన్ని తేలిక చేసుకోవడానికి నవ్విన నవ్వు. ఢిల్లీ ఆవిడ ఏమిటని అడిగితే, ఒక మాట దగ్గర చిన్న తికమక, అంతే అని ఇంగ్లీషులో చెప్పాను. తర్వాత అందరి వైపూ తిరిగి ఆ ఇంగ్లీషు మాట ఎలా పుట్టిందో, మంచి పేరు, ధైర్యం, నేర్పు వంటి వాటికి దాన్ని ఎలా వాడతారో వివరించాను. బాగానే వివరించాను. చివర్లో అప్పని అడిగాను, ‘అర్థమైందా అప్పా?’

‘అర్థమయినాది’ అంది అప్ప. పెన్నుకి మూత పెట్టి మేనేజరు చేతికిచ్చింది. ‘ఇంటి కాడ పనుంది. ఎల్తాను’ అని లేచి, ఆడవాళ్ళ మధ్యనుంచి దారి చేసుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు మేనేజరు, నేను, ఢిల్లీ ఆవిడ ముగ్గురం అప్ప ఇంటికి వెళ్ళాం. అప్ప కోపంగా లేదు. అరుగు మీద కూర్చోమంది. ‘నా సంతకం ఎందుకులే. బొమ్మ తీసీది కూడా వద్దు. నూలు కావాలంటే సూసుకోండి, ఒట్టుకెల్లండి’ అంది. ఎందుకని ఢిల్లీ ఆవిడ అడిగితే నేను తెలుగులో అడిగాను. ‘ఆరోగ్యం బాగోనేదని సెప్పు’ అంది నాతో. నేను ఇంగ్లీషులో అదే చెప్పాను. ఢిల్లీ ఆవిడ బాధపడింది. నిజం నాకు తెలుసు, కానీ చెప్పలేదు. చెప్తే అనువాదం తప్పు చేసింది నేనేనని తెలిసిపోతుంది.

ఫిల్మ్ ఇంకొకావిడ మీద తీశారు. ఆవిడ వడికేది మధ్యరకం నూలు. పనిమంతురాలే, కానీ ఆ సన్నపోగు ఆవిడ చేతికి రాదు. ఆరుగురు ఆడపిల్లలకి నేర్పడానికి కూడా ఆవిడే కుదిరింది.

ఆ రోజు అప్ప ఇంటి నుంచి తిరిగి వస్తూ దారిలో మేనేజరు నాతో మెల్లగా అన్నాడు. ‘మేడమ్, మీకు తెలీదనుకుంటాను. అప్ప వాళ్ళమ్మ కాలంలో ఇక్కడ నూలు కొనే ఒకాయనుండేవాడంట. ఈ పేట నూలు వీధిలో పెట్టించి, మీద నీళ్ళు చల్లి, అప్పుడు పట్టుకునేవాడంట. చల్లిన నీళ్ళకి పోగు ముడుచుకుపోయేది. అప్ప చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనకాల వెళ్ళి నిలబడి చూసేదంట. మా నాన్న చెప్పేవాడు.’

నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు. పత్తి గురించి వంద ప్రశ్నలు వేశాను గానీ, మీ అమ్మ ఎలా బతికింది అని ఒక్కసారైనా అడిగినట్టు గుర్తులేదు.

వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. ఆ వారం పరీక్షలు. తర్వాతి వారం జ్వరం. ఈలోగా అప్ప గోడ మీంచి మామూలుగానే పలకరించింది. ‘బాగున్నావా పంతులమ్మా?’ అంటే, ‘బాగున్నానప్పా’ అన్నాను. పలకరిస్తోంది కదా, మరిచిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. మధ్యాహ్నం వెళ్ళి కూర్చున్నాను కూడా. పీట నా వైపు జరపలేదు. నేనే లాక్కుని కూర్చున్నాను.

ఒకసారి మాత్రం ఆ మాట ఎత్తాను. ఎలాగంటే, చెప్పుకోడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. డిక్షనరీ పట్టుకెళ్ళాను. అప్ప ఐదో తరగతి దాకా చదివింది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పేజీ తీసి, మాట కింద వేలు పెట్టి చూపించాను.

‘చూడప్పా, ఇందులో కూడా స్పర్శకు అందని అనే ఉంది. నేను కావాలని అనలేదు. ఆ మాటకి అర్థమే అది.’

అప్ప పుస్తకంలోకి వంగి చూసింది. చేతులకున్న పత్తి పేజీకి అంటకుండా వెనక్కి పెట్టుకుంది.

‘పుస్తకం తప్పెందుకు సెప్తాది పంతులమ్మా’ అంది.

నేను ఊపిరి పీల్చుకుని పుస్తకం మూసేశాను. క్షమాపణ చెప్పేసినట్టే అనుకుని బడికి వచ్చేశాను. ఆ రోజు అప్ప ముందు కూర్చుని నేను చేసింది క్షమాపణ కాదు, నా వైపు సాక్షిగా ఒక పుస్తకాన్ని తీసుకెళ్ళడం. అది తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ వేసవిలో నాకు గజపతినగరం దగ్గరికి బదిలీ అయింది. వెళ్ళేముందు అప్ప ఇంటికి వెళ్ళాను. లేదు, కూతురి దగ్గరికి వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఎప్పుడొస్తుందో కనుక్కోలేదు.

గజపతినగరంలో బడి, పిల్లలు, పెళ్ళీడుకొచ్చిన చెల్లెలు, అమ్మ మోకాళ్ళు, వీటితో ఏళ్ళు గడిచిపోయాయి. పాఠంలో ఆ మాట వచ్చినప్పుడు మాత్రం అర్థం చెప్పి త్వరగా తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయేదాన్ని. ఉదాహరణలు మానేశాను.

మొన్నీమధ్య పాత స్కూల్లో పనిచేసిన ఒక టీచరు కూతురి పెళ్ళికి పొందూరు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఆ ఊరి షెడ్డు దగ్గర ఆటో ఆపించాను. మేనేజరు ముసలాయన అయ్యాడు గాని గుర్తుపట్టాడు. అప్ప గురించి అడిగాను. ఆ గొడవ తర్వాత అప్ప షెడ్డుకి రావడం మానేసిందట. ఇంటి దగ్గరే వడికి పక్కింటామె చేత పంపేదట. ఏడాది తర్వాత అల్లుడు లారీ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే నౌపడ వెళ్ళిపోయింది. కూతురితో పాటు ఉప్పు మడుల్లో పనిచేస్తోంది. ఇంక తిరిగి రాలేదు.

‘మరి ఆ ఆరుగురు పిల్లలు?’

‘ఇద్దరు మిగిలారు మేడమ్. మధ్యరకం వడుకుతారు. సన్ననూలు ఈ ఊర్నుంచి రావడం ఆగిపోయింది.’

తర్వాతి ఆదివారం రైలెక్కి నౌపడ వెళ్ళాను. ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. కూతురు నన్ను చూసి ఎవరా అనుకుంది. చెప్తే, ‘ఓ, బడి పంతులమ్మా? మాయమ్మ సెప్తాది మీ గురించి’ అంది. ఏం చెప్తుందో అడగడానికి ధైర్యం చాలలేదు. రైలు కట్టకి అవతల మడులన్నీ ఎండలో మెరుస్తున్నాయి. అప్ప పొడుగాటి కర్ర పలకతో ఉప్పుని గట్టు మీదకి లాగుతోంది. మనిషి నల్లబడింది, సన్నబడింది. నన్ను చూసి కర్ర గట్టు మీద పెట్టి వచ్చింది.

‘ఏటి, ఇంతదూరం వచ్చినావు? ఇంటి కాడ అందరూ బాగున్నారా?’

తాటాకు పాక నీడలో కూర్చున్నాం. రైల్లో మూడు గంటలు ఒకే మాటని పదిసార్లు కూర్చుకున్నాను. నోరు తెరిచేసరికి ఒక్కటీ గుర్తులేదు.

‘అప్పా, ఆ రోజు షెడ్డులో నేను తప్పు మాట అన్నాను. ముట్టరానిది అన్నాను. అలా అనకూడదు. డిక్షనరీ తీసుకొచ్చి నీకే పాఠం చెప్పాను. అది ఇంకా తప్పు. నన్ను క్షమించు.’

అప్ప కాళ్ళకి అంటిన ఉప్పు దులుపుకుంది. కోపం వస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. రెండూ జరగలేదు.

‘మాటకేటున్నాది పంతులమ్మా. ఆ మాట నాకు కొత్తేటి? పుట్టిన కాడ్నించి వింతన్నాను. నివ్వు తెలక అన్నావని ఆ నిమసంలోనే నాకు తెలుసు.’ నా వైపు తిరిగింది. ‘నివ్వు నవ్వినావు.’

నేను చూపు మడుల మీదికి తిప్పుకున్నాను.

‘ఆడు గుమ్మం కాడ అన్నాడు. ఆడి సంగతి నాకు తెలుసు, ఆడి తండ్రి సంగతీ తెలుసు. ఆల్లు నవ్వితే నాకేటి? నాను నీ మొకం కేసి సూసినాను, ఏటంతావో అని. నివ్వు కూడా ఆల్లతో నవ్వినావు. అప్పుడు లెగిసిపోయినాను.’

‘కంగారులో నవ్వానప్పా.’

‘అవును. అదీ తెలుసు’ అంది. గొంతులో కసి లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.

అన్నేళ్ళూ నేను ఒక విశేషణాన్ని పట్టుకుని బాధపడ్డాను. దానికి బదులు ఏ మాట వాడి ఉంటే బాగుండేదో వెతికాను. అగోచరం అనొచ్చేమో, కంటికానని విద్య అనొచ్చేమో, చేతిలో దాగిన విద్య అంటే ఇంకా బాగుండేదేమో. మాట వెతుక్కుంటూ నా నవ్వుని మరిచిపోయాను. అప్ప నా ముఖంలోకి చూసిన సంగతి నాకు తెలియనే తెలియదు. నేనప్పుడు కుర్చీల వైపు చూస్తున్నాను.

కాసేపయ్యాక, ఊరికి వచ్చి పిల్లలకి నేర్పుతావా అని అడిగాను. ట్రస్టూ వద్దు, ఫిల్మూ వద్దు, నేనే చూసుకుంటాను అన్నాను. అప్ప తన రెండు అరచేతులూ నా ముందు చాపింది. ఉప్పు నీళ్ళకి చర్మం పగిలి, గీతలన్నీ తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. వేళ్ళ కొసలు బెరడులా ఉన్నాయి.

‘ఇయి పత్తి ఒట్టుకోనేవు. పీసు సిక్కుకుపోతాది. పోయినేడు కూతురు కాసింత పత్తి తెచ్చి ఇచ్చినాది, సరదాకి. ఒక్క ఏకు తియ్యనేకపోయినాను. సేతికేటీ తెలవనేదు.’

నేను ఆ చేతులు పట్టుకున్నాను. అప్ప పట్టుకోనిచ్చింది. తర్వాత మెల్లగా వెనక్కి తీసుకుని, ఎండ పెరక్క ముందే ఆ మడి లాగేయాలి అని లేచింది.

ఇంటికి వచ్చాక ట్రస్టుకి ఉత్తరం రాశాను, జరిగిందంతా దాచకుండా. మర్యాదగా జవాబు వచ్చింది. ఫిల్మ్ ఎప్పుడో పూర్తయిందని, నా అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నామని. ఢిల్లీ ఆవిడ అక్కడ ఇప్పుడు లేదట.

మిగిలిన ఇద్దరు వడికేవాళ్ళలో చిన్నామెని అడిగి, ఒక సెలవు రోజు నౌపడ తీసుకెళ్ళాను. పత్తి, రాట్నం, దవడ ఎముక అన్నీ తెచ్చుకుంది. అప్ప సంతోషంగానే కూర్చుంది. గంటసేపు చెప్పింది. ‘ఇలగ కాదు, కాసింత వదులుగా. అద్దీ. మళ్ళీ బిగిసిపోయినాది. తొందరపడకు.’ చెయ్యి పట్టుకుని ఆడించడానికి ప్రయత్నించింది. పగుళ్ళలో పత్తి పీచు చిక్కుకుంటుంటే చెయ్యి తీసేసి మళ్ళీ నోటితోనే చెప్పింది. ఆ అమ్మాయి తలూపుతూ, దువ్వుతూ, తెగిన పత్తిని పక్కన పెడుతూ ఉంది. సాయంత్రానికి పక్కన పెద్ద కుప్ప అయింది.

తిరుగు రైల్లో ఆ అమ్మాయి అంది. ‘ఆవిడ సెప్పినాదంతా అర్థమయినాది మేడమ్. సేస్తంటే మాత్రం రాటం నేదు.’

ఇంకోసారి వెళ్దామా అన్నాను. చూద్దాం అంది. తర్వాతి నెల శ్రీకాకుళంలో ఒక బట్టల దుకాణంలో పని దొరికిందని ఫోన్ చేసి చెప్పింది. మంచిదే అన్నాను. అప్పకి ఆ సంగతి నేను చెప్పలేదు. ఆ పిల్ల ఎలాగుంది, సెయ్యి కుదిరినాదా అని అప్ప తన కూతురి ఫోన్‌లో రెండుసార్లు అడిగింది. నేర్చుకుంటోందప్పా అన్నాను.